తెలుగులో రాసుకునేవారికి తలకిందుల సలహాలు

కొత్త యాప్ వచ్చిందని ఎవరో చెప్పగానే దించుకోకండి. రెండేళ్లు ఆగండి. ఆ రెండేళ్లూ మీరు వెనకబడిపోతున్నారని చుట్టుపక్కలవాళ్లు అంటారు. అననివ్వండి.

తెలుగు రాతప్రతులు దిద్ది అచ్చుకు పంపడం నా పని. రకరకాల వయసులవాళ్లు రకరకాల సాఫ్ట్‌వేర్లలో రాసిన ఫైళ్లు రోజూ నా దగ్గరికి వస్తాయి. కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు, కొన్ని తెరుచుకున్నా చదవడానికి పనికిరావు. వాటితో పడే తిప్పల్లోంచి వచ్చినవే ఈ సలహాలు. త్వరగా అందిపుచ్చుకోమనీ, సులువైనదే వాడమనీ, ఉచితంగా వస్తే వదలొద్దనీ, పాతది పారేయమనీ, పాస్‌వర్డ్ ఎక్కడా రాయొద్దనీ మీరు వినే ఉంటారు. వీటన్నిటికీ నేను ఎదురు చెబుతాను. మీరు రాసింది మీ ఫోను కంటే, మీ కంప్యూటర్ కంటే, ఆ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ కంటే ఎక్కువకాలం ఉండాలన్నదే నా పట్టుదల.

రెండేళ్లు ఆగమనడానికి కారణం ఉంది. గూగుల్ సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ 2004లో మొదలై 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. బ్లాగులు చదివేవాళ్లు నమ్ముకున్న గూగుల్ రీడర్ 2013 జులై 1న పోయింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. ఇవేవీ చిన్నాచితకా కంపెనీలవి కావు. యాహూ గ్రూపుల్లో ‘రచ్చబండ’ అని ఒకటి ఉండేది. అమెరికాలోనూ ఇక్కడా ఉన్న సాహిత్యాభిమానులు అక్కడ ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 2019 చివర్లో యాహూ గ్రూపుల్లోని పాత ఉత్తరాలను తీసేశారు, 2020 డిసెంబర్‌లో ఆ సేవనే ఆపేశారు. అయితే గ్రూపుల్లో రాసిన ఉత్తరాలు కోరుకున్న సభ్యులకు ఈమెయిల్‌గా కూడా వెళ్లేవి. వాటిని చెరిపేయకుండా ఉంచుకున్నవాళ్లు ఇవాళ కూడా తీసి చదువుకోవచ్చు. వాటన్నిటికన్నా ఎంతో ముందు పుట్టిన ఈమెయిలే నిలబడింది. అందుకే ఒక పనికి నాలుగు సాఫ్ట్‌వేర్లు కనిపిస్తే వాటిలో వయసు ఎక్కువున్నదాన్ని తీసుకోండి. ఇప్పటికే ఇరవై ఏళ్లు బతికినదానికి ఇంకో పదేళ్లు బతికే ఓపిక ఉండే అవకాశం ఎక్కువ.

రెండో మాట. ఏ సాఫ్ట్‌వేర్లో అయినా మొదటి పేజీ రాయకముందే దాన్ని వదిలేసి చూడండి. అద్దె ఇంట్లో దిగేముందే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు ఎలా తిరిగొస్తుందో అడుగుతాం కదా, అలాగే ఇక్కడా అడగాలి. నోట్స్ రాసుకునే యాప్ అయితే అందులో ఓ పేరా కొట్టి, దాన్ని మామూలు టెక్స్ట్ ఫైలుగా బయటికి తీసి, ఇంకో కంప్యూటర్లో తెరవండి. ఆ పేరాలో ఈ మాటలు ఉండేలా చూసుకోండి: స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, ఋణం, ఱంపం, సాఫ్ట్‌వేర్. ఇవన్నీ చెక్కుచెదరకుండా బయటికొస్తే ఆ యాప్‌లో అడుగుపెట్టండి. బయటికి తీసే దారే కనబడకపోతే ఎంత అందంగా ఉన్నా తీసేయండి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. అందులో క్యామ్‌స్కానర్ కూడా ఉంది. పాస్‌పుస్తకాలు, మార్కుల జాబితాలు, పాత ఉత్తరాలు స్కాన్ చేసి ఫోను గ్యాలరీలో వేరే దాచుకున్నవాళ్లకు ఆ రోజు ఏ ఇబ్బందీ లేదు. యాప్‌లోనే వదిలేసినవాళ్లకు వాటిని బయటికి లాక్కునే పని పడింది.

పై జాబితాలో ‘సాఫ్ట్‌వేర్’ ఎందుకు పెట్టానంటారా? టకు పొల్లు ఉంది, దాని పక్కన వ ఉంది. మామూలుగా కొడితే వ వెళ్లి టకు వత్తుగా చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. అలా చేరకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంచుతాం. ఆ గుర్తుతో రాసిన మాట, గుర్తు లేకుండా రాసిన మాట కంప్యూటర్‌కు రెండు వేరు వేరు మాటలు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒకదాని కోసం వెతికితే రెండోది దొరకదు. ఒకే పుస్తకంలో రెండు రకాలుగా రాసి, చివర పదసూచి తయారుచేసుకునేటప్పుడు సగం పేజీలు తగలక తలపట్టుకున్న రచయితలు నాకు తెలుసు. మీరు ఏ పద్ధతి పట్టుకుంటే ఆ పద్ధతినే చివరిదాకా పట్టుకోండి.

కనిపించని ఆ గుర్తే 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలుగు లిపిని పరిచయం చేసింది. ‘జ్ఞా’లో ఆ గుర్తు ఒక ప్రత్యేకమైన చోట పడితే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. ఎన్నో భాషలవాళ్ల ఫోన్లు ఆగిపోయాయి కాబట్టి రోజుల్లోనే పని జరిగింది. మన ఒక్కరి ఫోన్లో వత్తు పక్కకు జరిగితే మాత్రం ఎవరికీ పట్టదు. ‘తెలుగు సరిగా రావట్లేదు, ఇంగ్లిషు అక్షరాల్లో రాసేద్దాం’ అని సర్దుకుపోతాం. నా మూడో సలహా ఇదే: సర్దుకుపోకండి. విసిగించండి. అక్షరం విరిగిన చోట తెరను ఫొటో తీయండి, ఏ ఫోను, ఏ వెర్షను, ఏ మాట అన్నది రాసి ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు పంపండి. జవాబు రాకపోతే మళ్లీ పంపండి. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ లాంటివాటికి లోపాలు నమోదుచేసే చోట్లు అందరికీ తెరిచే ఉంటాయి. వాటిలో తెలుగు గురించి రాసేవాళ్లు ఎంతమంది ఉంటే ఆ పని అంత పైకొస్తుంది.

ఇప్పుడు అందరూ ముక్కు విరిచే సలహా. టైపింగ్‌కు కష్టమైన కీబోర్డే నేర్చుకోండి.

ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారే పద్ధతి చాలామందిని తెలుగులోకి తెచ్చింది. వీవెన్ తయారుచేసిన లేఖిని అనే ఉపకరణం లేకపోతే ఎంతోమంది బ్లాగర్లు పుట్టేవారు కాదు. దాన్ని నేను ఏనాడూ తక్కువచేసి మాట్లాడను. ఒకటీ అరా రాసుకునేవారికి అది చాలు. రోజూ రాసేవారికి చాలదు. ఆ పద్ధతిలో మీరు తెలుగు మాటకు ముందు ఇంగ్లిషు స్పెల్లింగ్ కట్టి, ఆ తర్వాత తెలుగు చూస్తారు. మాటలు ఊహించి చూపించే రకం అయితే ఇంకా ప్రమాదం. ‘కల’, ‘కళ’ రెండూ కె, ఎ, ఎల్, ఎ కొడితేనే వస్తాయి. పైన ఏది కనబడితే దాన్ని నొక్కి ముందుకెళ్తాం. చివరికి ‘కళలు కన్నాను’ అని నా ముందుకొస్తుంది. ఇలాంటివి అక్షరదోషాలను పట్టే సాఫ్ట్‌వేర్‌కు చిక్కవు, ఎందుకంటే రెండూ మంచి మాటలే. ఇంకా దిగులు పెట్టేది వేరే ఉంది. మీ ఊళ్లో వాడే మాట అది చూపించే జాబితాలో లేకపోతే దానికి దగ్గరున్న పుస్తకాల మాటను చూపిస్తుంది. తొందరలో దాన్నే ఒప్పుకుంటాం. అలా మన కథలో మన ఊరి మాట పోయి అందరి మాట చేరుతుంది.

నేను చెప్పిన కష్టమైన కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్. ఇది 1980ల్లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ లిపులన్నిటికీ కలిపి ఖరారు చేసిన అమరిక. ఎడమచేతి వైపు అచ్చులూ గుణింతపు గుర్తులూ, కుడిచేతి వైపు ఎక్కువ హల్లులూ ఉంటాయి. ‘భారతం’ రాయాలంటే ఐదు కీలు: షిఫ్ట్‌తో వై నొక్కితే భ, ఇ నొక్కితే దీర్ఘం, జె నొక్కితే ర, ఎల్ నొక్కితే త, ఎక్స్ నొక్కితే సున్న. ఇంగ్లిషు అక్షరాల్లో ఇదే మాటకు తొమ్మిది కీలు నొక్కాలి. అంతకంటే పెద్ద లాభం, వేళ్లు తెలుగు అక్షరాల వరసలోనే ఆలోచిస్తాయి. భ, దానికి దీర్ఘం, ర, త, సున్న. పలక మీద నేర్చుకున్న వరస అదే. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఇది ముందే ఉంటుంది, విడిగా ఏమీ దించుకోనక్కర్లేదు. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసుకుని చాలామంది వాడిన గూగుల్ ఇన్‌పుట్ టూల్స్‌ను గూగుల్ తన సైటులోంచి తీసేసింది. కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లు అది ఎక్కడ దొరుకుతుందా అని ఇప్పటికీ వెతుకుతుంటారు. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లకు ఆ వెతుకులాట లేదు. ఇదే అమరికలో కన్నడం, హిందీ కూడా కొట్టొచ్చు. మొదటి కొద్ది వారాలు వేళ్లు మొరాయిస్తాయి, చిరాకొస్తుంది. ఆ చిరాకును భరించండి. కీబోర్డు మీద స్టిక్కర్లు మాత్రం అంటించకండి. అంటిస్తే కళ్లు కిందికే చూస్తాయి, వేళ్లకు ఎప్పటికీ రాదు.

రాయడానికి ఉన్నవాటిలో అన్నిటికన్నా పేలవమైన సాఫ్ట్‌వేర్ వాడండి. నోట్‌ప్యాడ్ చాలు. బోల్డూ రంగులూ లేని ఫైలును ఏ కంప్యూటరైనా చదువుతుంది. ఒక్క జాగ్రత్త. పాత విండోస్‌లో నోట్‌ప్యాడ్ ఫైలును ఆన్సీ పద్ధతిలో దాచేది. తెలుగు రాసి, వచ్చిన హెచ్చరిక చదవకుండా ఓకే నొక్కితే, మళ్లీ తెరిచేసరికి అక్షరానికో ప్రశ్నార్థకం ఉండేది. ఆ ప్రశ్నార్థకాల వెనక ఏమీ మిగలదు, ఎవరూ తిరిగి తేలేరు. 2019లో వచ్చిన విండోస్ 10 వెర్షను 1903 నుంచి యూటీఎఫ్-8లోనే దాస్తోంది. ఇంకా పాత కంప్యూటర్ వాడుతుంటే సేవ్ చేసే పెట్టెలో కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి. ఈ పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. అయినా లక్ష మాటల నవల రెండు మూడు ఎంబీల్లో సరిపోతుంది. ఫోన్లో తీసే ఒక ఫొటో అంత. కాబట్టి ఆ ఫైలును పది చోట్ల దాచుకోవడానికి ఏ అడ్డమూ లేదు.

పీడీఎఫ్‌ను భద్రమైనదని నమ్మకండి. అది అచ్చుకు మంచిది, దాచడానికి చాలదు. మీ దగ్గరున్న తెలుగు పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. చాలాసార్లు గుడులు చోటు మారతాయి, వత్తులు మాయమవుతాయి. పీడీఎఫ్ అక్షరాల ఆకారాలను ఎక్కడ పెట్టాలో గుర్తుంచుకుంటుంది, అవి ఏ అక్షరాలో చాలాసార్లు గుర్తుంచుకోదు. అందుకే పుస్తకం వేయించేటప్పుడు డీటీపీ చేసినవారిని పీడీఎఫ్‌తో పాటు, చివరి ప్రూఫు దిద్దుబాట్లు చేర్చిన యూనికోడ్ టెక్స్టును కూడా అడగండి. అడగడానికి మొహమాటపడకండి, అదనపు పనికి అదనంగా డబ్బివ్వండి. మీ దగ్గర మీరు మొదట ఇచ్చిన ఫైలుంటుంది, అచ్చయిన పుస్తకం ఉంటుంది. ఈ రెంటి మధ్య నాలుగు ప్రూఫుల్లో చేసిన దిద్దుబాట్లన్నీ వాళ్ల కంప్యూటర్లోనే ఉండిపోతాయి. రెండో ముద్రణ నాటికి ఆ షాపు ఉంటుందో ఉండదో.

డీటీపీ అనగానే అను గురించి చెప్పాలి. తెలుగు అచ్చును దశాబ్దాల పాటు మోసింది అను ఫాంట్లూ పేజ్‌మేకరే. అందులో కొట్టిన ఫైలులో నిజానికి తెలుగు లేదు. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలే ఉంటాయి. ఫాంటు వాటి మీద తెలుగు ముక్కలు చూపిస్తుంది, తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఫాంటు తీసేస్తే పేజీ నిండా పిచ్చిగీతలే. యూనికోడ్ 1991లోనే తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా 128 స్థానాలు ఇచ్చింది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చింది. అయినా అచ్చు రంగం కదలలేదు. దానికి గట్టి కారణాలున్నాయి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు, దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో తెలుగు సరిగా కూర్చోవడానికి చాలాకాలం పట్టింది, అను ఫాంట్లంత తీరైన ఫాంట్లు అప్పట్లో యూనికోడ్‌లో లేవు. పత్రికల వెబ్‌సైట్లు కూడా ఎవరి ఫాంటు వారిదిగా నడిచాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదువుకోవడానికి నాగార్జున వెన్న ‘పద్మ’ అనే బ్రౌజర్ పొడిగింపు చేయాల్సి వచ్చింది.

కొత్తదానికి మారిపోయారు కదా అని, పేజ్‌మేకర్ ఉన్న పాత కంప్యూటర్‌ను తుక్కుకు వేయకండి. ఇదీ చాలామందికి మొండి సలహాగా కనిపిస్తుంది. ఇంట్లో చోటు ఆక్రమిస్తుందనీ, దుమ్ము పడుతుందనీ అంటారు. ఇరవయ్యేళ్ల చిన్నపత్రికల సంచికలు, ఎందరో కవుల మొదటి సంపుటాలు ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. నెట్‌కు తగిలించకుండా ఓ మూల ఉంచి, అప్పుడప్పుడు వెలిగించి చూడండి, ఫైళ్లను మాత్రం వేరే డిస్కులోకి కూడా ఎక్కించండి. ఇప్పటికే ఆ కంప్యూటర్ పోయి ఫైళ్లు మాత్రమే మిగిలినవారికి ఒక దారుంది. లిబ్రెఆఫీస్ 2015లో వచ్చిన 4.4 వెర్షను నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తోంది. పేజీ అమరిక చెదిరితే చెదరనివ్వండి, మనకు కావాల్సింది లోపలి అక్షరాలు. వాటిని అను నుంచి యూనికోడ్‌కు మార్చే ఉపకరణంలో వేయండి. మార్చాక ప్రతి పేజీ మూలంతో పోల్చి చదవాలి. మధ్యలో ఇంగ్లిషు మాట ఉంటే దాన్నీ తెలుగే అనుకుని అర్థంలేని అక్షరాలుగా మార్చేస్తుంది. ఈ పని విసుగు పుట్టిస్తుంది. కుర్రాళ్లకు అప్పగించి ఊరుకోకండి. ఆ పుస్తకం రాసినవారో, దాన్ని మొదట దిద్దినవారో పక్కన కూర్చోవాలి.

అను కొట్టేవారిని మారమని ఒత్తిడి చేయకండి. అనులోని యాపిల్ కీబోర్డు లేఅవుట్లోనో మాడ్యులర్‌లోనో ఆ వేగం, ఆ చేతివాటం రావడానికి వాళ్లు తమ యౌవనం పెట్టారు. అవే లేఅవుట్లలో యూనికోడ్ కొట్టే ఉపకరణాలున్నాయి. అవి తెచ్చి ఇవ్వండి, వేళ్లు మార్చమనకండి.

ఉచితంగా దొరికేవాటికి డబ్బివ్వండి. మండలి, గురజాడ, గిడుగు, ధూర్జటి ఫాంట్లు మీ పుస్తకం అట్ట మీదో, పెళ్లిపత్రిక మీదో ఉండే ఉంటాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ఆ వరస ఫాంట్లలో చాలావాటిని గీసింది పురుషోత్ కుమార్ గుత్తుల. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. అంతకుముందు తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఊరికే పంచారు. ఒక్కో తెలుగు ఫాంటుకు వందల ముక్కలు గీయాలి, ప్రతి వత్తూ ప్రతి హల్లు కింద సరిగా కూర్చుంటోందో చూడాలి. ఇలాంటివాటి వెనక చాలాసార్లు ఒకరో ఇద్దరో ఉంటారు. కాఫీ హోటల్లో బిల్లు కట్టేటప్పుడు రెండోసారి ఆలోచించని మనం వీళ్లకు ఎందుకివ్వం? విరాళం తీసుకునే ఏర్పాటు లేకపోతే వాడినచోట పేరైనా వేయండి. పుస్తకం వెనక ముద్రణ వివరాల పేజీలో ఫాంటు పేరు, గీసినవారి పేరు వేయడానికి ఒక్క వాక్యం చాలు.

ఇంట్లో పెద్దవాళ్ల చేతిలోంచి ఫోను లాక్కోకండి. నాన్నగారు మెసేజ్ పంపలేక తడబడుతుంటే ‘ఇలా ఇవ్వండి’ అని తీసుకుని మనం పంపేస్తాం. ఆయన ఎప్పటికీ నేర్చుకోరు. తడబడనివ్వండి, తప్పు చోట నొక్కనివ్వండి, పక్కన కూర్చుని నోటితో చెప్పండి. టైపింగ్ రానివారికి మైకు గుర్తు చూపించండి. గూగుల్ కీబోర్డులో తెలుగు మాటను అక్షరాల్లోకి మార్చే వసతి 2017 నుంచి ఉంది. అయితే అమ్మమ్మ చేత పాత సంగతులు చెప్పిస్తుంటే మాత్రం దాన్ని నమ్ముకోకండి. యాస దగ్గర తడబడుతుంది, ఊరి పేర్ల దగ్గర తడబడుతుంది. గొంతునే రికార్డు చేయండి. అక్షరాలుగా మార్చడం తర్వాతైనా చేయొచ్చు.

చివరగా, పాస్‌వర్డులు కాగితం మీద రాసుకోండి. బ్యాంకుల ప్రకటనలు వద్దంటాయి. ఏటీఎం పిన్ను, యూపీఐ పిన్ను వరకు ఆ మాట వినండి. మిగతావాటికి మంచి నోట్‌బుక్ కొనండి. బ్రూస్ ష్నయర్ లాంటి భద్రతా నిపుణులు 2005లోనే ఈ సలహా ఇచ్చారు. మీ మెయిల్ దొంగిలించేవాడు ఎక్కడో దూరాన ఉంటాడు, మీ బీరువా తెరవలేడు. కాగితం మీద రాసుకోవచ్చంటే పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టుకుంటాం. గుర్తుంచుకోవాలంటే మనవరాలి పేరూ పుట్టిన ఏడూ పెట్టుకుంటాం.

రచయితలకు ఇది ఇంకా అవసరం. రచయిత పోయాక ఇంట్లోవాళ్లు అచ్చుకాని కథల కోసం కంప్యూటర్ ముందు కూర్చుని, లోపలికి వెళ్లలేక ఫోన్లు చేస్తుంటారు. రెండేళ్లు ఎవరూ తెరవని వ్యక్తిగత ఖాతాలను 2023 డిసెంబర్ నుంచి గూగుల్ తొలగిస్తోంది. ఖాతా పోతే డ్రైవ్‌లో ఉన్నవీ పోతాయి. గూగుల్ సెట్టింగుల్లో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అని ఒకటుంది. మీరు కొన్ని నెలలు ఖాతా తెరవకపోతే ఎవరికి కబురు పంపాలో, ఏమేమి వాళ్ల చేతికివ్వాలో అక్కడ రాసిపెట్టొచ్చు. ఇవాళే నమోదు చేయండి. నోట్‌బుక్ మొదటి పేజీలో కంప్యూటర్ పాస్‌వర్డు, ఫోను లాకు, కథలు ఏ ఫోల్డర్లో ఉన్నాయో ఆ దారి రాయండి. మార్చినప్పుడల్లా పాతదాన్ని కొట్టేసి పక్కన తేదీ వేయండి. ఆ పుస్తకం ఎక్కడ ఉంచారో ఇంట్లో కనీసం ఇద్దరికి చెప్పండి.